ప్లగ్గు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న రోజు

వానలు మా అనంతపురం వైపు దారి మరిచిపోయి, కంప్యూటర్లు మాత్రం ఠంచనుగా వస్తుండిన కాలమది. ఆకాశంలో మబ్బు కనబడితే సంతోషించడం కూడా మానేశారు జనం. "ఇది కర్ణాటకకు పోయే మబ్బప్పా, మనది కాదు" అని తల దించుకుని ఎవరి పనికి వాళ్ళు పోయేవారు. బుడ్డలు (వేరుశనగను మేమలాగే అంటాం) విత్తిన చేలలో మొలకల కంటే ముందు దుమ్ము లేచేది. సరిగ్గా అప్పుడే సర్కారు ఆఫీసుల్లో కొత్త గదులు లేచాయి. గోడలకు గుడ్డ అంటించి, కింద తివాచీ పరిచి, చల్లటి గాలి మిషను బిగించి, మధ్యలో ఒక పెద్ద టీవీ, దాని నెత్తిన ఒక కెమెరా, దాని పక్కన నల్లటి ఇనప పెట్టె ఒకటి పెట్టారు. హైదరాబాదులో పెద్దవాళ్ళు ఆ టీవీలో కనబడి, ఇక్కడ మావాళ్ళను ప్రశ్నలు అడుగుతారు. మావాళ్ళు లేచి నిలబడి జవాబు చెబుతారు (టీవీకి లేచి నిలబడనక్కర్లేదని ఎంత చెప్పినా వినేవాళ్ళు కాదు). దాన్ని వీడియో కాన్ఫరెన్సు అన్నారు. మా ఆఫీసులో నోరు తిరగనివాళ్ళు "ఈడియో" అన్నారు. ఏ ఆఫీసో మాత్రం చెప్పను. అప్పటివాళ్ళు కొందరు ఇంకా అదే వీధిలో వాకింగుకు వస్తున్నారు.

ఆ నల్ల పెట్టెకు కాపలా నేను. బత్తలపల్లి దగ్గర మా ఊరు. ఎలక్ట్రానిక్సులో డిప్లొమా చేసి, కాంట్రాక్టు ఉద్యోగంలో చేరి, రోజూ బస్సులో నిలబడి వచ్చేదాన్ని. మెడలో చున్నీ, చేతిలో స్క్రూడ్రైవరు, నోట్లో జవాబు, ఈ మూడూ లేకుండా నన్నెవరూ చూసి ఉండరు. "ఆడపిల్లకు అంత నోరు పనికిరాదు" అని మా అమ్మ అంటే, "పనికొచ్చేదాకా ఉండనీలే" అనేవాడు మా నాయన. ఆఫీసులో నా అసలు పేరు జీతాల గుమస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ నేను వైరు పాపను.

ఆ గదికి నాతోపాటు ఇంకో ఇద్దరు హక్కుదారులు ఉండేవారు. ఒకరు గడియారం సారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి, ఇక్కడి ఎండను వ్యక్తిగత అవమానంగా తీసుకున్న అధికారి. మాట మాటకీ చేతి గడియారం చూసుకోవడం ఆయన అలవాటు. రెండోవారు సాయిబన్న. అటెండరు. గళ్ళ తువ్వాలు భుజాన వేసుకుని, గదిలో దుమ్ముతో జీవితకాలం యుద్ధం చేస్తున్న మనిషి. ఆయనకూ ఆ నల్ల పెట్టెకూ పడేది కాదు. తుడవడానికి చెయ్యి పెడితే చాలు, చురుక్కుమనేది. "ఈ పెట్టెలో ఏందో ఉండాది పాపా. ముట్టుకుంటే గిల్లుతాది. మా ఇంటామె గూడా ఇట్ల గిల్లదు" అని చెయ్యి విదిలించుకునేవాడు. పొడి గాలికి తివాచీ మీద నడిస్తే ఒంట్లో కరెంటు పుడుతుందిలే అని నేను పెద్ద ఇంజనీరులా చెప్పి పంపేదాన్ని.

ఆ ఏడాది ఎండాకాలం ముగిసినా ముగియనట్టే ఉంది. ఏ మండలానికి ఎన్ని నీళ్ళ ట్యాంకర్లు ఇవ్వాలో హైదరాబాదు పెద్దాయన ఒకరు మా టీవీలోనే తేలుస్తారని కబురు వచ్చింది. కాన్ఫరెన్సుకు ముందురోజు పొద్దున పెట్టె ఆన్ చేస్తే బొమ్మ రాలేదు. లైను తగలడం లేదు. పెట్టె మీది దీపాల్లో పచ్చగా వెలగాల్సింది ఎర్రగా వెలుగుతోంది. హైదరాబాదుకు ఫోను చేశాను. అక్కడ మాకు సలహాలు చెప్పే ఒకాయన ఉండేవాడు. ముఖం ఎప్పుడూ చూడలేదు, గొంతు మాత్రం తెలుసు. దీపాల సంగతంతా విని, "లోపల లైను కార్డు పోయిందమ్మా. ఇంకోటి రాత్రి బస్సులో వేస్తున్నా. మా దగ్గర ఉన్నది అదొక్కటే. అది కూడా కాల్చావంటే నేను నా ఇంటి పెరట్లోంచి కార్డు కోసి పంపలేను" అన్నాడు. తరువాత పాఠం మొదలుపెట్టాడు. పెట్టె ఆపు, ప్లగ్గు పీకు, కాసేపు ఆగు, మణికట్టుకు ఎర్తు పట్టీ కట్టుకో, కార్డును అంచులతో పట్టుకో, దాని కింది అంచున మెరిసే బంగారు పళ్ళను వేలితో తాకకు. "అన్నిటికంటే ముందు మీ ఆఫీసు ఎర్తు బాగుందో లేదో చూడు. పాతది ఊరికే పోయి ఉండదు" అన్నాడు. ఆ ఆఖరి మాట దగ్గర నా ఇంజనీరింగు కాస్త తగ్గింది. సాయిబన్న చెయ్యి గుర్తొచ్చింది.

మరుసటి రోజు పొద్దున బస్టాండులో పార్సిలు తీసుకున్నాను. వెండి రంగు సంచిలో కార్డు, పసిపిల్లలా మెత్తటి స్పాంజిలో పడుకుని ఉంది. దాన్ని గుండెకు హత్తుకుని ఆటోలో వచ్చాను (ఆటో అతను అద్దంలో చూసి, "ఏం పాపా, పెండ్లి నగలా?" అన్నాడు. "అంతకంటే ఎక్కువ" అన్నాను). కాన్ఫరెన్సు మధ్యాహ్నం. మా పెద్ద సారు ఢిల్లీ నుంచి వచ్చిన ఎవరో అతిథులకు నందిని చూపించడానికి లేపాక్షి పోయారు. కాబట్టి జిల్లా కరువు బరువంతా గడియారం సారు నెత్తి మీద పడింది. ఆయన నాకంటే ముందే గదిలో కూర్చుని, పెట్టెను ఆన్ చేసి, బొమ్మ లేని టీవీ వంక, గడియారం వంక మార్చి మార్చి చూస్తున్నారు.

"వచ్చావా తల్లీ. త్వరగా పెట్టెయ్" అన్నారు.

"ముందు ఆపాల సార్."

"ఆపడం దేనికి? పాతది లాగు, కొత్తది దూర్చు. మళ్ళీ ఆపి, మళ్ళీ వేసి, అది లేచేసరికి సాయంత్రమవుతుంది. లైట్లు వెలుగుతుండగానే పెట్టెయ్, అదేం చెయ్యదు."

"కార్డు కాలిపోతుంది సార్."

"నేను చెబుతున్నాగా!"

ఆయన చెబితే కరెంటు వింటుందని నేను అనుకోలేదు. అంతే సంగతి. ఆయనకు చదువు లేదని కాదు, వేళ మించిపోతుందని భయం. నాకూ భయమే. ఆ కార్డు మాడితే నా కాంట్రాక్టు కూడా దాంతోపాటే మాడుతుంది, ఇంట్లో బుడ్డల పంట ఎటూ మాడింది. కానీ నాకు భయం వేస్తే నోరు మూతపడదు, ఇంకా తెరుచుకుంటుంది. అది పుట్టుకతో వచ్చిన జబ్బు. పద్ధతిగా పెట్టెను ఆపాను, బల్ల కిందకు దూరి ప్లగ్గు పీకాను, దాన్ని ఒళ్ళో పెట్టుకుని తివాచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"ఇది ఇప్పుడు నా ఒళ్ళో ఉంది సార్. నన్ను లేపి, ప్లగ్గు గుంజుకుని మీరే పెట్టుకుంటే పెట్టుకోండి. కార్డు గూడా ఇస్తా. కాలితే మాత్రం మీ చేత్తో కాలినట్టు."

గడియారం సారు గడియారం చూసుకోవడం మరిచిపోయిన సందర్భాలు నాకు తెలిసి రెండే. అది మొదటిది. సాయిబన్న తలుపు దగ్గర నిలబడి, తువ్వాలుతో నోరు మూసుకుని దగ్గాడు (అది దగ్గు కాదని మా ముగ్గురికీ తెలుసు). "ఏంటమ్మా ఈ మొండితనం? మీ ప్రాంతమే ఇంతా?" అన్నారు సారు చివరికి. "అవును సార్, వానకే లొంగలేదు మేము" అన్నాను. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆయన లేచి, వరండాలోకి పోయి, రెండు సార్లు అటూ ఇటూ తిరిగి వచ్చి, "సరే, నీ శాస్త్రం ప్రకారమే చెయ్. కానీ హైదరాబాదు వాళ్ళు లైన్లోకి వచ్చేసరికి బొమ్మ ఉండాలి" అన్నారు.

శాస్త్రం ప్రకారం మీటరు తీసి గోడ ప్లగ్గులో ఎర్తు చూశాను. చూసి, మీటరు పాడైందనుకుని తట్టాను. మళ్ళీ చూశాను. మీటరు బాగానే ఉంది, పాడైంది ఎర్తు. ఎర్తు అంటే పెద్ద రహస్యమేమీ కాదు. యంత్రం ఒంట్లో దారి తప్పిన కరెంటును నేలలోకి దించే తీగ. ఆఫీసు వెనక ఒక గుంత తీసి, అందులో రేకు పాతి, ఉప్పూ బొగ్గూ వేసి, ఆ తీగను దానికి కడతారు. నేల తడిగా ఉంటే కరెంటు దిగుతుంది. మా నేలకు తడి అనే మాట తెలిసి ఎన్నాళ్ళయింది? వెనక్కు పోయి చూస్తే గుంత మూత కింద మట్టి నెర్రెలు విచ్చి, బిస్కెట్టులా విరుగుతోంది. ఆ కరెంటంతా దిగడానికి చోటు లేక పెట్టెలోనే తిరుగుతూ పాత కార్డును తినేసింది, సాయిబన్నను గిల్లింది. "నేను చెప్పలే? ఏందో ఉండాదని చెప్పలే?" అని సాయిబన్న నన్ను నిలదీశాడు. నేను చెప్పిన తివాచీ సిద్ధాంతాన్ని ఆయన మళ్ళీ ఎత్తకపోవడం ఆయన మంచితనం.

గుంతకు నీళ్ళు పోయాలి. ఎన్ని? చాలా. గుక్కెడు కాదు, బకెట్ల కొద్దీ. అదృష్టమో ఖర్మో, అప్పుడే ఆఫీసుకు వారానికోసారి వచ్చే నీళ్ళ ట్యాంకరు గేట్లోకి వచ్చింది. నేనూ సాయిబన్నా చెరొక బకెట్టు పట్టుకుని పరుగెత్తాం. నింపుకుని వెనక్కు తిరిగామో లేదో, ఎదురుగా గోడ కట్టినట్టు ఆడవాళ్ళు నిలబడ్డారు. చేతుల్లో ఖాళీ బిందెలు. పక్క ఊరి నుంచి నడిచి వచ్చి, పొద్దుటినుంచి గేటు దగ్గర బిందెలు బోర్లించి ధర్నా చేస్తున్నవాళ్ళు. వాళ్ళకు ముందు నిలబడిన ఆవిడ పేరు నాకు తెలియదు. మనసులో బిందెలక్క అని పెట్టుకున్నాను.

"యాడికి పోతాండావు పాపా, ఆ నీళ్ళు?" అంది.

"గుంతకు పోసేకి అక్కా."

"యా గుంతకు?"

చూపించాను. బిందెలక్క వంగి చూసి, నా ముఖంలోకి చూసింది. "మనుషులు తాగేకి లేక చస్తాంటే మన్నుకు పోస్తావా? నీ మతి ఉండాదా? ఏమ్మే, చూడండే ఈ పాపను!" అని వెనక ఉన్నవాళ్ళను పిలిచింది. అందరూ గుంత చుట్టూ చేరారు. ఆ రోజు నేను ఎదిరించినవాళ్ళలో ఈవిడ ముందు మాత్రం నా గొంతు లేవలేదు. ఏం చెప్పాలి? న్యాయం ఆవిడ వైపే ఉంది, ఎర్తు నా వైపు ఉంది. "అక్కా, ఈ గుంత తడిస్తేనే లోపల టీవీ పనిచేస్తాది. ఆ టీవీలో ఈపొద్దు ట్యాంకర్ల మాట తేలుస్తారు. అది పనిచెయ్యకపోతే మన జిల్లా మాట అడిగేవాళ్ళే ఉండరు" అని మొత్తం చెప్పాను, పెట్టె, కార్డు, కరెంటు, అన్నీ.

ఆవిడ విని, ఒకటే అడిగింది. "ఆ టీవీలో ఎవరు మాట్లాడతారు?"

"మా సారు."

"మీ సారు మా ఊరికొచ్చినాడా ఎప్పుడన్నా?"

నేను అబద్ధం చెప్పలేదు. "రాలేదు."

"అయితే ఆయప్ప చెప్పేదేముండాది? నేను చెప్తా. నన్ను కూచోబెడ్తావంటే దావ ఇస్తా. ల్యాకపోతే ఈ గుంత మీదనే కూచుంటాం, పోసుకో చూద్దాం."

ఆ మాట ఇచ్చే అధికారం నాకు లేదు. కుర్చీ జరపడానికే నాకు అనుమతి కావాలి. అయినా "కూచోబెడ్తా" అన్నాను. సాయిబన్న నా వైపు చూసి "అల్లా" అన్నాడు. బిందెలక్క ఇంకా కదల్లేదు. "ముందు మావోళ్ళ బిందెలు నిండల్ల. ఎండలో నడిసొచ్చినాం, కాళ్ళు మొకం కడుక్కునేకి గూడా చుక్క లేదు. నువ్వేమో మన్నుకు..." అంటుండగా నాకు తట్టింది. "అక్కా, గుంతకు మంచినీళ్ళే కావల్లని ఎవరన్నారు? బిందెలు నింపుకోండి. మొకాలూ కాళ్ళూ మాత్రం ఈడ కడుక్కోండి, గుంత మీద!"

ఒక క్షణం అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. తరువాత ఒక ముసలావిడ పకపకా నవ్వి, చీర కుచ్చిళ్ళు ఎత్తి, గుంత అంచున నిలబడి, "పొయ్యవే పాపా" అంది. అంతే. ఇక వరస కట్టారు. ముఖాలు కడుక్కున్నారు, మోచేతుల దాకా కడుక్కున్నారు, కాళ్ళు రుద్ది రుద్ది కడుక్కున్నారు. ఒకావిడ చంకలోని పిల్లవాడికి అక్కడే స్నానం చేయించింది. క్యాంటీను నుంచి సాయిబన్న రాళ్ళుప్పు సంచి మోసుకొచ్చి, గుంతలో గుమ్మరిస్తూ, "మిషను మొక్కు తీర్చుకుంటాండాం" అన్నాడు. మట్టి ఆ నీళ్ళను గుటగుటా తాగింది. ఎన్నో ఏళ్ళకు తడి తగిలిన నేల వాసన గుప్పున లేచింది. సరిగ్గా అప్పుడు గడియారం సారు వెనక తలుపు తీసుకుని వచ్చారు. ఆయన కళ్ళ ముందు తన ఆఫీసు ఆవరణలో పాతికమంది ఆడవాళ్ళు, తడి కాళ్ళు, నవ్వులు, మధ్యలో ఒళ్ళంతా బురదతో వీడియో కాన్ఫరెన్సు నిపుణురాలు. ఆయన అడగడానికి నోరు తెరిచారు. ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలో తేలక, మూసుకుని లోపలికి పోయారు.

మీటరు పెట్టి చూశాను. ముల్లు దిగింది. పూర్తిగా కాదు, కానీ ఫోనులో హైదరాబాదాయన చెప్పిన హద్దులోకి దిగింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, బాగా ఆరనిచ్చి లోపలికి పోయాను. చున్నీ నైలానుది. నైలాను మా పొడి గాలికి చిటపటలాడుతుంది కాబట్టి తీసి వరండా కొక్కేనికి వేశాను. (సారు గోడ వైపు చూశారు. చూడనీ అనుకున్నాను.) గాజులు తీస్తుంటే సాయిబన్న, "పెండ్లి గాని పిల్లవి, ఉత్త చేతులు మంచిది కాదు పాపా" అని గొణిగాడు. "కార్డుకు మంచిదన్నా" అన్నాను. మణికట్టుకు పట్టీ కట్టి, దాని తీగ చివరి క్లిప్పును పెట్టె ఇనప ఒంటికి కొరికించాను. మూత మరలు విప్పాను. లోపల దుమ్ము మా ఊరి రచ్చబండ మీద కంటే ఎక్కువగా ఉంది. మెత్తటి కుంచెతో ఊడ్చి, పాత కార్డు మర విప్పి, ఇటు కొంచెం అటు కొంచెం కదిలిస్తూ బయటికి లాగాను. దాని ఒక మూల నల్లగా మాడి ఉంది. వెండి సంచి చింపకుండా తెరిచి, కొత్తదాన్ని అంచులతో పట్టి, గాడిలో నిలబెట్టి, రెండు బొటనవేళ్ళతో ఒత్తాను. కటుక్కుమంది. ఆ చప్పుడు కంటే తియ్యటి సంగీతం నేను తరువాత చాలా ఏళ్ళు వినలేదు. మర బిగించి, మూత వేసి, అప్పుడు, అప్పుడు మాత్రమే, ప్లగ్గు గోడకు పెట్టాను.

పెట్టె లేచింది. దీపం ఎర్రగా వెలిగి, మినుక్కుమని, పచ్చగా మారింది. టీవీలో హైదరాబాదు గది బొమ్మ వచ్చింది. గడియారం సారు నిట్టూర్చారు, నేను దాదాపు ఏడ్చాను. అంతలో టీవీలోంచి, ఫోనులో నాకు తెలిసిన ఆ గొంతే వచ్చింది. "అనంతపురం, మీరు వినబడుతున్నారు కానీ కనబడటం లేదు. ఎర్రగా ఏవో గళ్ళు కనబడుతున్నాయి. మీ కార్డు సరిగా కూర్చోలేదేమో చూడండి." నా కాళ్ళ కింద తివాచీ జారింది. సారు నా వైపు తిరిగి, "కాల్చేశావా?" అన్నారు. పెట్టె వెనక తీగలన్నీ తడిమాను. టీవీ మూలన మా గది కనబడే చిన్న చట్రంలోనూ అవే గళ్ళు, కదలడం లేదు. ఎర్ర గళ్ళు, మధ్యలో తెల్ల గీత. ఆ గళ్ళు ఎక్కడో చూసినట్టుందే అనుకుని తల ఎత్తితే, కెమెరా నెత్తిన సాయిబన్న తువ్వాలు. నేను పెట్టె విప్పుతుంటే దుమ్ము పడకూడదని ఆయన జాగ్రత్తగా కప్పాడట. లాగేశాను. హైదరాబాదు వాళ్ళకు మేము కనబడ్డాం. వాళ్ళకు మొట్టమొదట కనబడింది, తువ్వాలు చేతిలో పట్టుకుని పళ్ళు కొరుకుతున్న నేను.

కాన్ఫరెన్సు మొదలైంది. చివరి వరసలో బిందెలక్కను కూర్చోబెట్టాను. "ఎవరావిడ?" అని సారు గుసగుసగా అడిగితే, "మనకు ఎర్తు వచ్చింది ఈమె వల్లనే సార్, బొమ్మ చూసి పోతానంది" అన్నాను. "చూడనీ, మాట్లాడకూడదు" అన్నారాయన. మా వంతు వచ్చింది. సారు లేచి నిలబడి, చేతిలోని కాగితాలు చూసి, తాగునీటి పరిస్థితి అదుపులో ఉందనీ, అన్ని గ్రామాలకూ ట్యాంకర్లు నడుస్తున్నాయనీ చదివారు. ఆయన అబద్ధమాడారని అనను. కిందినుంచి వచ్చింది పైకి చదివారు, అంతే. కానీ చివరి వరసలో బిందెలక్క నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. 'ఇట్లనే ఉంటాదని నాకు తెలుసులే' అన్నట్టుంది. కోపమే ఉంటే ఊరుకునేదాన్నేమో.

కెమెరా రిమోటు నా చేతిలో ఉంది. ఒక బొత్తాం నొక్కితే కెమెరా మెడ తిప్పుతుంది. తిప్పాను. బల్ల మీది మైకు తీసి, తీగ ఈడ్చుకుంటూ తివాచీ మీద నడిచి ఆవిడ ముందు పెట్టాను. హైదరాబాదు తెర మీద ఇప్పుడు సారు లేరు, కావాలనే నింపుకోకుండా తెచ్చిన ఖాళీ బిందె ఒళ్ళో పెట్టుకుని ఒక ఆడమనిషి ఉంది.

"ఎవరమ్మా మీరు?" అన్నారు పెద్దాయన.

"నమస్కారం సార్. కనపడతాండానా?" అంది బిందెలక్క. ఆయన తల ఊపారు. "నీ టీవీ పొద్దున సచ్చిపోయిండె సార్. మేము కాళ్ళు కడిగిన నీళ్ళు తాగి లేచినాది. మా ఊర్లో మనుషులు లేయల్లంటే యా నీళ్ళు తాగల్లో నువ్వే చెప్పు."

చల్లగాలి మిషను మాత్రం గురక పెడుతోంది.

"అన్ని ఊర్లకూ ట్యాంకరు వస్తున్నట్టు ఇక్కడ రాసి ఉందమ్మా" అన్నారు పెద్దాయన నెమ్మదిగా.

"రాసుంటాది సార్. కాగితాన్ని బిందెలో పోసుకునేకి అయితాదా?"

పెద్దాయన నవ్వలేదు. కోప్పడనూ లేదు. పక్కనున్నవారితో ఏదో చెప్పి, మళ్ళీ తెరలోకి చూసి, ఊరి పేరు అడిగి రాసుకున్నారు. తరువాత, "ఇంతకీ అక్కడ కెమెరా తిప్పింది ఎవరు?" అన్నారు. చెయ్యి ఎత్తబోయాను. అప్పుడు గడియారం సారు, జీవితంలో రెండోసారి గడియారం చూడకుండా, గొంతు సవరించుకుని అన్నారు. "మేమే సార్. ప్రజలతో నేరుగా మాట్లాడించమని తమరే సెలవిచ్చారు గదండీ, అందుకని..." ఆయన నుదుటి మీద చెమట ఆ చల్లగదిలో మెరిసింది. తెర అవతల పెద్దాయన "మంచి పని చేశారు" అన్నారు.

అందరూ పోయాక సారు నన్ను పిలిచారు. చున్నీ వేసుకుని, గాజులు తొడుక్కుని, ఏ శిక్షకైనా సిద్ధంగా నిలబడ్డాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి ఆరిపోతున్న తడి అడుగులు చూశారు. "మా అమ్మ కూడా గోదారి గట్టున బిందెతోనే పోయేది. ఆవిడకు ఏనాడూ ఖాళీగా తిరిగొచ్చే పని పడలేదు" అన్నారు. అది మెచ్చుకోలో, మందలింపో, మరేమిటో నాకు తెలియలేదు. వెంటనే అధికారి గొంతు తెచ్చుకుని, "రేపట్నుంచి ఆ రిమోటు నా దగ్గర ఉంటుంది" అన్నారు.

"సరే సార్" అన్నాను. తలుపు దాకా పోయి, ఆగి, "బ్యాటరీలు మాత్రం నా దగ్గర ఉంటాయి" అన్నాను. ఆయన ఏమన్నారో వినకుండా బస్సుకు పరుగెత్తాను.

ఆ ఊరికి ఆ వారంలోనే ట్యాంకరు పోయింది. ఎల్లకాలం పోయిందని చెప్పను, వానలు పడేదాకా మాత్రం ఆగలేదని సాయిబన్న కనుక్కొచ్చి చెప్పాడు. నా కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. ఎందుకు పొడిగించారో నేను అడగలేదు. అడిగితే తీసేస్తారేమోనని నాకు మొదటిసారి కాస్త తెలివి వచ్చింది. కాన్ఫరెన్సు జరిగిన రాత్రి ఇంట్లో ఇదంతా చెబితే అమ్మ తల పట్టుకుంది. నాయన మాత్రం సంకటి ముద్ద చేతిలో పట్టుకుని, "ఆయమ్మ మాట్లాడేటప్పుడు నువ్వు మధ్యలో మాట్లాడలేదు కదా?" అన్నాడు. లేదన్నాను. "అయితే నేర్చుకున్నావు" అని ముద్ద మింగాడు.

ఇప్పుడు ఆ నల్ల పెట్టెలు లేవు. జేబులోని ఫోనులోనే ఎవరితోనైనా ముఖాముఖి మాట్లాడుకుంటున్నాం. నేనూ ఒక ఆఫీసులో ఒక కుర్చీలో స్థిరపడ్డాను. జుట్టుకు రంగు, కళ్ళకు జోడు, మాటకు మర్యాద, అన్నీ వచ్చాయి. మొన్న ఒక మీటింగులో పెద్దవాళ్ళు చెప్పినదానికి అందరూ తల ఊపుతుంటే నేనూ ఊపాను. నాకు నచ్చని మాటే, అయినా ఊపాను. అలా ఊపడానికి సవాలక్ష కారణాలు ఉన్నాయి, అన్నీ నాకు కంఠోపాఠం. ఇంటికి వచ్చి కాఫీ తాగుతుంటే మాత్రం, బురద కాళ్ళతో, ఉత్త చేతులతో, చున్నీ లేకుండా ఒక పిల్ల ఎదురుగా నిలబడి నన్ను ఎగాదిగా చూసినట్టనిపించింది. దానికి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. కాస్త భయం వేసింది. కాస్త ముద్దొచ్చింది. "కూచో పాపా, కాఫీ తాగుతావా?" అన్నాను. కూర్చోదని నాకు తెలుసు.